పాట స్పీకరుది, మోత పెట్టెది

ఇంట్లో తయారుచేసుకునే స్పీకర్లకు అసలు శత్రువు చెక్క అదురు. ఇసుక, తారు షీటు, పాత రజాయి దూది దాని నోరు మూయించగలవు. కాకపోతే ఏది ఎక్కడ పనికొస్తుందో తెలియాలి.

కుండ కొనేవాళ్లు వేలి కణుపుతో కొట్టి చూస్తారు. ఖంగుమంటే గట్టి కుండ. బొద్దుగా పలికితే ఎక్కడో బీట ఉన్నట్టే. స్పీకరు పెట్టె దగ్గరకొచ్చేసరికి ఈ పరీక్ష తలకిందులవుతుంది. పక్క చెక్కను కొట్టగానే డప్పులా మోగిందంటే అది రేపు పాటలో వేలు పెట్టబోతోందని అర్థం. తడి మట్టిగోడను తట్టినట్టు దబ్బుమని ఊరుకుంటే వడ్రంగి కష్టం ఫలించినట్టు.

ఢిల్లీ తూర్పు సరిహద్దును ఆనుకుని ఘజియాబాద్ జిల్లాలో ఉన్న వైశాలి లాంటి చోట ఈ తేడాను సంగీతాభిమానుల చాదస్తమని కొట్టిపారేయడానికి లేదు. అక్కడ ఫ్లాట్లలో ఒకరి గచ్చు మరొకరికి కప్పు. హాల్లో మోగిన బాస్ కింది అంతస్తులో మంచం దాకా దిగుతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ దాటకూడదు. చట్టం సంగతి అలా ఉంచినా, లిఫ్టులో ఎదురుపడినప్పుడు కింది ఇంటివారు మొహం తిప్పుకోకుండా ఉండాలి కదా. సొంతంగా స్పీకర్లు చేసుకోవాలనుకునేవారికి అక్కడ రెండు బాధ్యతలు: పాట చెడకూడదు, పొరుగు చెడకూడదు. రెండింటికీ శత్రువు అదురే. మందు మాత్రం ఒకటి కాదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

సరకుకు కొరత లేదు. వైశాలి దాకా మెట్రో బ్లూ లైన్ 2011 జులైలో వచ్చింది. అది ఎక్కి మండీ హౌస్‌లో వయొలెట్ లైన్‌కు మారితే ఎర్రకోట స్టేషన్. పక్కనే లజపత్ రాయ్ మార్కెట్. హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీ తిరిగినవారికి అది కొత్తగా అనిపించదు. విడి స్పీకర్లు, క్రాసోవర్లు, యాంప్లిఫైయర్ బోర్డులు వరసగా దొరుకుతాయి. మరొక్క స్టేషను ముందుకెళితే కశ్మీరీ గేట్, అక్కడ కార్ల విడిభాగాల అంగళ్లు. ఈ జాబితాలో కార్ల అంగడి ఎందుకొచ్చిందో ముందు ముందు తెలుస్తుంది.

చిక్కల్లా డబ్బు ఖర్చయ్యే వరసలో ఉంది. స్పీకరుకు, యాంప్లిఫైయర్‌కు బడ్జెట్ కరిగిపోయాక పెట్టె వంతు వస్తుంది. అల్మరా చేయగా మిగిలిన ప్లైవుడ్ ముక్కలతో వడ్రంగి నాలుగు గోడలు నిలబెడతాడు. చూడటానికి బాగానే ఉంటుంది. ఘంటసాల పాట పెట్టగానే ఆ గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. యజమాని స్పీకరును తిట్టుకుంటాడు, ఇంకా ఖరీదైనది కొంటాడు, పాత పెట్టెలోనే బిగిస్తాడు. డబ్బా గొంతు అలాగే ఉంటుంది.

ఈ కాలం స్పీకరుకు మూలరూపాన్ని 1925లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీర్లు రైస్, కెలాగ్ ప్రపంచం ముందుంచారు. అయస్కాంతం మధ్య తీగచుట్ట, దానికి అతికించిన కాగితపు కోను. కోను ముందుకు ఎంత గాలిని నెడుతుందో వెనక్కీ అంతే నెడుతుంది. ఆ రెండూ కలిస్తే ఒకదాన్నొకటి రద్దు చేసుకుని బాస్ మాయమవుతుంది. అందుకే వెనకపక్క పెట్టె. అయితే పెట్టెలో బంధించిన ఆ వెనక తరంగం ఊరుకోదు, గోడలను తోస్తుంది. దానికి తోడు స్పీకరు ఇనుప ఫ్రేము స్క్రూల గుండా ముందు చెక్కను నేరుగా కుదుపుతుంది.

చెక్క ఎంత కదులుతుందిలే అనుకోవడం సహజం. చిన్న లెక్క చూస్తే ఆ ధీమా పోతుంది. 8 అంగుళాల స్పీకరు కోను వైశాల్యం సుమారు 215 చదరపు సెంటీమీటర్లు. 45 సెం.మీ. ఎత్తు, 30 వెడల్పు, 25 లోతు ఉన్న పెట్టెకు ముందు చెక్కను వదిలేసినా మిగిలిన ఐదు గోడల వైశాల్యం 5,100 చదరపు సెంటీమీటర్లు. అంటే కోనుకు దాదాపు 24 రెట్లు. కోను కదలికలో నూరో వంతు మాత్రమే గోడలు కదిలాయనుకుందాం. అన్నీ ఒకేసారి బయటికి ఉబ్బితే అవి తోసే గాలి, కోను తోసే గాలిలో నాలుగో వంతు అవుతుంది. పాటగాడి పక్కన పిలవని పేరంటానికి వచ్చిన మరో గాయకుడు నిలబడి, కాస్త ఆలస్యంగా, ఒకటి రెండు స్వరాలు మాత్రమే పట్టుకుని అరిచినట్టుంటుంది. ప్లైవుడ్ పెట్టెల గోడలు సాధారణంగా కొన్ని వందల హెర్ట్జ్ దగ్గర మోగుతాయి. మగ గొంతు బలమంతా ఉండేదీ ఆ చుట్టుపక్కలే.

అయితే చెక్క మందం పెంచితే సరి. ఇది ప్రతి వడ్రంగీ ఇచ్చే సలహా, సగమే నిజం. మందం రెట్టింపు చేస్తే గోడ మోగే పౌనఃపున్యం రెట్టింపవుతుంది. మోత పోదు, పై స్థాయికి ఎక్కుతుంది. అక్కడ చెవి మరింత చురుకు. ఈ సంగతిని బ్రిటన్‌లో బీబీసీ పరిశోధన విభాగం ఇంజినీర్లు శ్రమపడి తేల్చారు. హెచ్.డి. హార్వుడ్, ఆర్. మాథ్యూస్ 1977లో వెలువరించిన నివేదిక సారాంశం వడ్రంగులకు మింగుడుపడనిది: మందపాటి గట్టి చెక్క కంటే పల్చటి ప్లైవుడ్‌కు లోపల తారు పలకలు అతికించిన గోడ నయం. పల్చటి గోడ కింది స్వరంలో మోగుతుంది. దాని మీద బరువైన, మెత్తని పొర ఉంటే ఆ మోత పుట్టీపుట్టకముందే చస్తుంది. బయటి ప్రసారాల వ్యాన్లలో వాడటానికి బీబీసీ రూపొందించిన అడుగు ఎత్తు బుల్లి స్పీకరు ఎల్‌ఎస్ 3/5ఎ ఈ సూత్రం మీదే తయారైంది. 1970ల్లో పుట్టిన ఆ పెట్టెను వెతికి వెతికి కొనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

గట్టిదనం వేరు, అదురును మింగడం వేరు. ఇనుప గంట చాలా గట్టిది, అందుకే అంతసేపు మోగుతుంది. అదురును మింగే పదార్థం లోలోపల రాపిడి పుట్టించి ఆ శక్తిని వేడిగా మార్చేస్తుంది. ఆ వేడి వేలికి తగిలేంత కూడా ఉండదు. వంటింటి నుంచి వరండా దాకా ఇంట్లో ఉన్న సామగ్రిని ఈ ఒక్క ప్రశ్నతో వడపోయవచ్చు: ఇది రాపిడి పుట్టిస్తుందా లేదా?

ఆ లెక్కన మొదటి మార్కు ఇసుకదే. బ్రిటన్‌లోనే వార్ఫ్‌డేల్ కంపెనీ స్థాపించిన గిల్బర్ట్ బ్రిగ్స్ 1950ల్లో రెండు ప్లైవుడ్ పలకల మధ్య ఇసుక నింపి స్పీకర్లు అమ్మాడు. ఇటుకలతో గది మూలన కట్టే పెట్టెలనూ ప్రోత్సహించాడు. 1954లో లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్లో సంగీతకారులను, రికార్డులను పక్కపక్కనే వినిపించి సభను నింపిన ఘనుడాయన. ఇసుక రహస్యం దాని రేణువుల్లో ఉంది. చెక్క వంగిన ప్రతిసారీ లక్షల గింజలు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. స్ప్రింగులా తిరిగి తన్నే గుణం వాటికి లేదు.

వైశాలిలో ఇసుక కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. ఢిల్లీ చుట్టుపక్కల భవన నిర్మాణ సామగ్రి అమ్మేచోట సన్నటి జమునా ఇసుక, గరుకు బదర్‌పూర్ ఇసుక విడివిడిగా దొరుకుతాయి. ఏదైనా పరవాలేదు, తడి మాత్రం ఉండకూడదు. జల్లెడ పట్టి, కడిగి, ఎండబెట్టి, చివర్లో వెడల్పాటి మూకుడులో వేరుశనక్కాయలు వేయించినట్టు వేయించాలి. తేమ మిగిలితే ప్లైవుడ్ ఉబ్బుతుంది, స్క్రూలు తుప్పు పడతాయి. సముద్రపు ఇసుకలో ఉప్పు ఉంటుంది కాబట్టి విశాఖ, కాకినాడ వైపు వారు ఈ విషయంలో మరింత జాగ్రత్త పడాలి. పైన చెప్పిన పెట్టెకు రెండు పక్కలా వెనకా 12 మి.మీ. సందు వదిలి నింపితే పట్టేది నాలుగు లీటర్ల పైచిలుకు, అంటే దాదాపు 7 కిలోలు. నింపుతున్నంతసేపూ పెట్టెను తడుతూ ఉండాలి. లేకపోతే నెల తిరిగేసరికి ఇసుక దిగి పైన ఖాళీ ఏర్పడుతుంది.

రెండు పొరల పెట్టె చేసే ఓపిక లేనివారికి తారు షీటు. కశ్మీరీ గేట్ ప్రస్తావన ఇందుకే. కారు తలుపుల రేకు మోగకుండా లోపల అతికించే జిగురు షీట్లు, డాబా కారకుండా పరిచే తారు పొరలు ఒకే జాతివి. ఇక్కడ ఒక మెలిక ఉంది. కారు రేకు పల్చన కాబట్టి పల్చటి షీటు చాలు. అదే షీటును 18 మి.మీ. చెక్కకు అతికిస్తే ఏనుగుకు దుప్పటి కప్పినట్టే. చెక్క పల్చనగా ఉండాలి, షీటు రెండు మూడు పొరలుగా దాని మందానికి దీటుగా ఉండాలి. మొత్తం కప్పాల్సిన పనీ లేదు. గోడ నడిమధ్యన ఎక్కువగా వంగుతుంది, అక్కడ పడితే చాలు. డబ్బా తారు కొని గ్యాస్ పొయ్యి మీద కరిగించి పూసే ప్రయత్నం ఫ్లాటులో చేయనే కూడదు. ఆ పొగ ఊపిరితిత్తులకు చేటు, అంటుకుంటే ఇల్లే అంటుకుంటుంది. సీసం రేకులు, పాత ఆస్బెస్టాస్ ముక్కలు బరువుగా ఉన్నాయి కదా అని వాడటం కూడా అంతే ప్రమాదం, పిల్లలున్న ఇంట్లో మరీను.

జిగురు సంగతి ఎవరూ పట్టించుకోరు కానీ అది చేసే మేలు తక్కువ కాదు. రెండు 9 మి.మీ. పలకలను మామూలు తెల్ల ఫెవికాల్‌తో అంటిస్తే అది ఎండి రాయిలా బిగుసుకుని ఒకే 18 మి.మీ. పలక తయారవుతుంది. అదే రెండు పలకల మధ్య ఎండినా రబ్బరులా మిగిలే పొర ఉంటే, చెక్క వంగినప్పుడల్లా ఆ పొర నలిగి అదురును మింగేస్తుంది. ఎస్‌ఆర్ రకం రబ్బరు జిగురు, కిటికీల సందుల్లో కొట్టే సిలికోన్ సీలెంటు ఇందుకు పనికొస్తాయి. సిలికోన్‌కు ఎండటానికి గాలిలో తేమ కావాలి. వెడల్పాటి పలకల మధ్య అది రోజుల తరబడి పచ్చిగానే ఉంటుంది, తొందర కూడదు. వెనిగర్ వాసన వేసే రకం రాగిని తింటుంది కనుక స్పీకరు తీగల దగ్గర వాడకూడదు. స్పీకరు ఇనుప ఫ్రేము మోగుతుంటే దాని ఊచల మీద పిల్లలు ఆడుకునే, ఎండని రంగు మట్టి ముద్ద అద్దితే చాలు. దీనికంటే చవక వైద్యం లేదు.

ఇంతకీ ఏ గోడ మోగుతోందో కనిపెట్టేదెలా? దీనికీ వంటింట్లోనే సాధనం ఉంది: బొంబాయి రవ్వ. పెట్టెను పక్కకు పడుకోబెట్టి, పైకి వచ్చిన గోడ మీద రవ్వ పల్చగా చల్లి, ఫోనులో ఏకస్వరం పలికించే యాప్‌తో 100 హెర్ట్జ్ నుంచి 600 దాకా మెల్లగా పెంచుకుంటూ పోవాలి. ఒకచోట రవ్వ ఉన్నట్టుండి ఎగరడం మొదలెట్టి గీతలుగా చేరుతుంది. అదే ఆ గోడ సొంత స్వరం. 300 హెర్ట్జ్ దగ్గర గోడ మిల్లీమీటరులో వెయ్యింట మూడు వంతులు కదిలితే చాలు, రవ్వ లేస్తుంది. గింజలు పారిపోయిన చోటే తారు షీటు పడాలి. పరీక్షకు శబ్దం బిగ్గరగానే పెట్టాలి కాబట్టి మధ్యాహ్నం వేళ ఉత్తమం.

జర్మన్ శాస్త్రవేత్త క్లాడ్నీ 1787లో లోకానికి చూపిన చిట్కా ఇది. విశాఖపట్నంలో పెరిగిన సి.వి. రామన్ దీనితోనే మన మృదంగాన్ని శోధించారు. చర్మం మీద ఇసుక చల్లి అది గీసే బొమ్మలను ఫొటోలు తీసి 1934లో ప్రచురించారు. దానికి ముందే 1920లో 'నేచర్' పత్రికలో ఎస్. కుమార్‌తో కలిసి, మామూలు డోలులో పొంతన లేకుండా మోగే స్వరాలను మృదంగం మీది నల్లటి కరణి ఎలా ఒక వరసలోకి తెస్తుందో వివరించారు. కచేరీకి ముందు మృదంగం ఎడమ మూతకు విద్వాంసులు మెత్తే రవ్వ ముద్ద కూడా ఈ కోవలోదే. ఆ బరువుకు నాదం కిందికి దిగి గంభీరమవుతుంది. ఎక్కడ ఎంత మెత్తితే ఏ మోత మారుతుందో మన వాద్యకారులకు భౌతికశాస్త్రం చదవకముందే తెలుసు. తేడా ఒక్కటే. మృదంగం పాడాలి, స్పీకరు పెట్టె పాడకూడదు.

ఇక దూది. ఇంటి స్పీకర్ల గురించిన అపోహల్లో పెద్దది ఇక్కడే ఉంది. పెట్టెలో దూది కుక్కితే గోడల అదురు ఆగుతుందని చాలామంది నమ్మకం. ఆగదు. దూది పనిచేసేది గాలి మీద, చెక్క మీద కాదు. 45 సెం.మీ. ఎత్తున్న పెట్టెలో పైకీ కిందికీ కొట్టుకునే గాలి తరంగం 380 హెర్ట్జ్ దగ్గర నిలబడి మోగుతుంది. అది కోను గుండానే బయటికొచ్చి పాటను పాడుచేస్తుంది. దాన్ని అణచడానికి దూది, ఉన్ని దివ్యంగా పనికొస్తాయి. 1954లో ఎడ్గర్ విల్చుర్ మూసిన చిన్న పెట్టెలో స్పీకరు పెట్టి అంత బాస్ రాబట్టినప్పుడు లోపల నింపింది గాజు ఊలు. 1965లో 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో ఎ.ఆర్. బెయిలీ సిఫారసు చేసింది పొడుగు పోగుల గొర్రె ఉన్ని.

ఉత్తరాది చలికి ప్రతి ఇంట్లో రజాయిలుంటాయి. పాతబడ్డ రజాయి దూదిని ఏకించి వదులు చేస్తే అంతకంటే మంచి సరకు అక్కర్లేదు. గడ్డకట్టిన దూది పనికిరాదు. గోడలకు అంటించడం కంటే పెట్టె నడుమ వదులుగా నింపడం మేలు. గాలి కదలిక ఎక్కువగా ఉండేది అక్కడే, గోడ పక్కన గాలి దాదాపు కదలదు. పల్చటి గుడ్డ సంచిలో పెడితే పోగులు స్పీకరు తీగచుట్టలోకి పోవు. బాస్ కోసం గొట్టం పెట్టిన పెట్టెల్లో గొట్టం నోటికి దూది అడ్డుపడకూడదు. గాజు ఊలు వాడేవారు ముక్కుకు గుడ్డ, చేతికి తొడుగు మరవకూడదు. యాంప్లిఫైయర్ కూడా ఆ పెట్టెలోనే ఉంటే దూది జోలికే పోకూడదు, నిప్పు భయం.

కోడిగుడ్ల అట్టలు, థర్మోకోల్ ముక్కలు మాత్రం ఎందుకూ కొరగావు. అట్టకు బరువు లేదు, థర్మోకోల్‌లో గాలి దూరదు. అంగుళం మందం స్పాంజి సన్నని కీచు శబ్దాలను కాస్త మింగుతుందే తప్ప బాస్‌ను తాకనైనా తాకదు. 100 హెర్ట్జ్ తరంగం పొడవు మూడున్నర మీటర్లు మరి.

క్యాసెట్ల కాలంలో తెలుగు పల్లెల్లో స్పీకరును కుండ మూతి మీద పెట్టి పాటలు వినడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. గుబగుబలాడే ఆ బాస్ చుట్టుపక్కల వారిని ఆకట్టుకునేది. దాన్ని నాటు పద్ధతని తీసిపారేయడం తొందరపాటు. వంపు తిరిగిన మట్టి గోడ చదునైన ప్లైవుడ్ కంటే ఎన్నో రెట్లు గట్టిది, సులువుగా అదరదు. 1951లో అమెరికాలో హ్యారీ ఓల్సన్ రకరకాల ఆకారాల పెట్టెలను పోల్చి చూసినప్పుడు అన్నిటికంటే నునుపుగా పలికింది గోళాకారం. కుండ లోపమంతా లోపలి గాలిది. అది ఒకే స్వరం దగ్గర గుబగుబలాడుతుంది, ప్రతి పాటకూ అదే బాస్ తగిలిస్తుంది. నాలుగు గుప్పెళ్ల ఏకిన దూది వేస్తే ఆ గుబగుబ తగ్గి, మిగతా స్వరాలకూ చోటు దొరుకుతుంది.

పెట్టె నోరు మూశాక మిగిలేది పొరుగు బాధ్యత. నేలలోకి దిగే అదురుకు ఇసుకా దూదీ జవాబు కావు, అక్కడ కావలసింది స్ప్రింగు. అరిగిన హవాయి చెప్పులను ముక్కలు కోసి నాలుగు మూలలా పెట్టడం పాత చిట్కా. నిజంగా పనిచేస్తుంది, ముక్కల సైజు కుదిరితే. పెట్టె బరువుకు మెత్త మిల్లీమీటరు అణిగితే ఆ అమరిక సొంత ఊపు సుమారు 16 హెర్ట్జ్. అంతకు దాదాపు ఒకటిన్నర రెట్లు దాటాకే, అంటే 22 హెర్ట్జ్ పైనే, నేలకు చేరే అదురు తగ్గడం మొదలవుతుంది. రబ్బరు అదురుతున్నప్పుడు మరికాస్త బిగుసుకుంటుంది కాబట్టి ఇంకొంచెం ఎక్కువ అణిగితేనే మంచిది. పెద్ద ముక్కలు పెడితే అసలు అణగవు, పెట్టీ పెట్టనట్టే. చిన్న ముక్కలు పెట్టి, వాటి మీద కోటా బండ ఒకటి వేసి, దాని మీద స్పీకరు నిలిపితే బరువు పెరిగి ఫలితం మెరుగవుతుంది. మన వైపు కడప బండ, తాండూరు బండ అదే పని చేస్తాయి.

ఇంత చేసినా గాలిగుండా వెళ్లే బాస్ గోడలను దాటే తీరుతుంది. తివాచీలు, కర్టెన్లు దాన్ని ఆపలేవు. స్పీకరును గది మూల నుంచి ముందుకు జరిపితే కొంత తగ్గుతుంది, ఆపైన వాల్యూమ్ నాబే దిక్కు. అయితే మోత లేని పెట్టెకు ఒక సుగుణముంది. గోడలు మధ్యలో దూరి మాటను మసకబార్చవు కాబట్టి పాటలో ప్రతి అక్షరం తక్కువ శబ్దంలోనే తెలుస్తుంది. స్పష్టత కోసం వాల్యూమ్ పెంచాల్సిన అవసరం అంతమేరకు తప్పుతుంది.

అద్దె ఇళ్లవారికి ఒక్క జాగ్రత్త. ఇసుక పెట్టెకు అడుగున రెండు వేళ్లు పట్టేంత రంధ్రం ఉంచి బిరడా బిగించుకోవాలి. ఇల్లు మారే రోజున 14 కిలోల ఇసుకను బస్తాలోకి ఒంపేసి, లిఫ్టు పనిచేయకపోయినా ఖాళీ పెట్టెలు చెరో చేత్తో పట్టుకుని మెట్లు దిగవచ్చు. ఇసుక కొత్త ఇంటి దగ్గరా దొరుకుతుంది. వేయించడం మాత్రం మళ్లీ మొదటికే.